“పేచ్చుప్పడిల్”కి తెలుగు ఏంటి?

విష్ణుభక్తురాలు ఆండాళ్ తమిళంలో పాడిన నాచ్చియార్ తిరుమొళి, మొదటి దశకం (పది పద్యాల గుంపు), అయిదో పాశురం (పద్యం) ఆఖరి పాదం:

మానిడవర్కెన్ఱు పేచ్చుప్పడిల్ వాళగిల్లేన్ కండాయ్ మన్మదనే

8, 9 శతాబ్దాల నాటి శ్రీవిల్లిపుత్తూరు పిల్ల మన్మథుడితో మొరపెట్టుకుంటోంది. నేను చూసిన తెలుగు అర్థాల్లో ఎక్కువగా “మనిషికిచ్చి పెళ్లి చేస్తే బతకను” అనే ఉంది. నాకు పేచీ ఇక్కడే. (పేచ్చూ పేచీ ఒకటేనా అని నిన్న ఒకరు అడిగారు. కాదండీ, పేచీ ఉర్దూ దారిన వచ్చింది. పేచ్చు అంటే ఉత్త మాట, పలుకు.)

విడదీస్తే రెండు భాషలూ పక్కపక్కనే నడుస్తాయి. మానిడవర్కు + ఎన్ఱు, మనుషులకు + అని. “పుట్టగానే మేనబావకని అనుకున్నాం” అంటారే, ఆ “కని”యే ఇది. పేచ్చు + పడిల్, మాట + పడితే. ఇక్కడ మన కాలు జారుతుంది, మనకి మాట పడటమంటే తిట్లు తినడం కదా! వాళగిల్లేన్ అంటే బతకలేను, పాత తెలుగులో బ్రతుకఁజాలను. “బతకను” అంటే బెదిరింపులా ఉంటుంది.

అంటే పెళ్లిదాకా అక్కర్లేదు, ఫలానావాళ్లకని మాట పుడితేనే ఆమె పని అయిపోయింది. పై పాదాల్లో ఉపమానం చూడండి. యాగంలో దేవతలకని తీసిపెట్టిన హవిస్సు దగ్గరికి అడవినక్క వస్తుంది. వచ్చి తింటుందని ఆండాళ్ అనలేదు. కడప్పదుం, మోప్పదుం: దాటుతుంది, వాసన చూస్తుంది. (మనకూ మూర్కొను అనే పాతమాట ఉంది.) ఆ మాత్రానికే హవిస్సు మైలపడింది. నక్క ముక్కు దానికెంతో, ఊళ్లోవాళ్ల నోట సంబంధం మాట ఈమెకంత. “పెళ్లి చేస్తే” అని రాసినవాళ్లు నక్క చేత హవిస్సు తినిపించేశారు.

తమాషా ఏంటంటే, ఈ తిరుమొళిలోనే ఆరో దశకం వారణమాయిరాన్ని (ఆండాళ్ తన పెళ్లి కల చెప్పుకునే పాశురాలు) వైష్ణవుల పెళ్లిళ్లలో చదువుతారు. మా అక్క పెళ్లిలో కొబ్బరికాయ దొర్లిస్తూ చదివారు. ఈ అయిదో పాశురం మాత్రం ఎవరూ ఎత్తలేదు, పెళ్లిపీటల ముందు ఎలా ఎత్తుతారు!

నా ప్రయత్నం: “మనుషులకని మాట పుట్టినా బతకలేను సుమా, మన్మథా!”

“కండాయ్”కి “సుమా” పెట్టాను గానీ కాస్త పుస్తకాల వాసన వేస్తోంది. మా అమ్మకి వినిపిస్తే “బతకలేను, చెప్తున్నా” అంది. నాకదే నచ్చింది.