335 హార్స్‌పవర్ అన్నారు, డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద 262 వచ్చింది. ఇంజిన్ పనైపోయిందా?

అందరికీ నమస్కారం. డాలస్‌లో ఉంటాను. పోయినేడాది 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1 కారు కొన్నాను. 428 కోబ్రా జెట్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఫోర్డ్ అప్పట్లో 5200 ఆర్‌పీఎం దగ్గర 335 హార్స్‌పవర్ అని ప్రకటించింది. ఇన్సూరెన్స్ ఖర్చు పెరుగుతుందన్న భయంతో తగ్గించి రాశారనీ, అసలు 400 దాటుతుందనీ పాతకాపులు అంటారు. తీరా మొన్న డైనో ఎక్కిస్తే చక్రాల దగ్గర 262! 4800 దాటగానే గ్రాఫ్ గీత చతికిలబడింది.

1972కి ముందువి గ్రాస్ అంకెలని తెలుసు. ఎయిర్ క్లీనర్, మఫ్లర్లు లేకుండా ఉత్త ఇంజిన్‌ని స్టాండు మీద కొలిచేవారు. గేర్‌బాక్స్ తినేసేదీ కొంత ఉంటుంది. అయినా ఇంత తేడా మామూలేనా? కంప్రెషన్ ఎనిమిది సిలిండర్లలోనూ దాదాపు సమానంగానే ఉంది. ముందు కార్బ్యురేటర్ (ఇంధనాన్ని గాలితో కలిపేది) చూడాలా, ఇగ్నిషన్ టైమింగా (స్పార్క్ పడే సమయం)? మెకానిక్ ఏకంగా హెడ్స్ (సిలిండర్ల పైమూతలు) విప్పుదామంటున్నాడు, నాకేమో టెన్షన్. ఇదే ఇంజిన్‌ని డైనో ఎక్కించినవాళ్లుంటే మీకెంత వచ్చిందో చెప్పండి.