గాలి మారుతున్నప్పుడు నలుగురం కలిసి నాలుగు దారాల పతంగులను ఎలా నిలపాలి?

హనుమకొండ_పతంగి (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్తే. మేము హనుమకొండకు చెందిన నలుగురం. రెండేళ్ళుగా నాలుగు దారాల పతంగులను జట్టుగా ఎగరేస్తున్నాం. సంక్రాంతికి మనమందరం ఎగరేసే కాగితం పతంగికి ఒక్కటే దారం ఉంటుంది. కన్నాలు కట్టి, చర్ఖా నుంచి ఢీల్ వదులుతూ, లాగుతూ దాన్ని నడిపిస్తాం. 1980ల చివర అమెరికాలోని శాన్ డియాగోలో హాడ్జికి సోదరులు రూపొందించిన ఈ పతంగికి మాత్రం రెండు చేతుల్లో రెండు పిడులు, ఒక్కో పిడికి పైన ఒకటి, కింద ఒకటి చొప్పున దారాలు ఉంటాయి. పై దారాలు లాగితే పతంగి ముందుకు పోతుంది, కింది దారాలు లాగితే ఆగుతుంది, ఇంకా లాగితే వెనక్కు వస్తుంది. నలుగురం పక్కపక్కన నిలబడి ఎగరేసేటప్పుడు ఈ ఆపగలిగే గుణం మీదే మా ఆట మొత్తం ఆధారపడి ఉంటుంది.

మా ఇబ్బంది గాలి మారినప్పుడు మొదలవుతున్నది. జనవరిలో మంచు విడిచాక, తొమ్మిది పది గంటల నడుమ, గాలి సన్నగా ఉన్నా నిలకడగా ఉంటుంది కాబట్టి నాలుగు పతంగులూ ఒకే గీత మీద నిలుస్తాయి. పదకొండు దాటి ఎండ ఎక్కితే చివరి పతంగి ఒక్కసారిగా జారిపోతుంది, అదే సమయంలో నడిమి పతంగి గట్టిగా గుంజుతూ ఉంటుంది. మొన్న ఆదివారం మూడో పతంగి, నాలుగో పతంగి ఢీకొని ఒకదాని కార్బన్ పుల్ల విరిగింది. పోయిన ఏడాది జూన్, జూలైలలో పడమటి గాలికి ఎవరికి తోచినట్టు వారు పతంగి మార్చుకోవడంతో జట్టు ఆకారమే చెదిరిపోయేది. మా దగ్గర నిండు గుడ్డవి నాలుగు, గాలి బయటికి పోయేలా మధ్యలో జాలీ ఉన్నవి రెండు, దాదాపు అంతా జాలీ ఉన్నవి నాలుగు ఉన్నాయి. దారాలన్నీ 120 అడుగులవే.

గాలి పడిపోతున్నప్పుడు ఆకారాన్ని ఎలా కాపాడుకోవాలి, పతంగులు మార్చాలన్న నిర్ణయం ఎప్పుడు, ఎవరు తీసుకోవాలి, అసలు ఎప్పుడు దించేయాలి అన్నవి అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కాజీపేట_గాలివాటం

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది నాలుగో మనిషి చేతకానితనం కాదని ముందుగా చెప్పాలి, ఎందుకంటే జట్లలో చివరి వారి మీదే నింద పడడం నేను చాలాసార్లు చూశాను. గాలికి వీపు పెట్టి నిలబడితే మన ముందు సగం గొడుగు తెరిచినట్టు ఒక ఆవరణ ఉంటుంది. దాని నడుమ లాగుడు ఎక్కువ, అంచులకు పోయిన కొద్దీ తక్కువ. నాలుగు పతంగులను అడ్డంగా ఒకే గీత మీద పరిస్తే నడిమి రెండింటికి బలమైన చోటు దొరుకుతుంది, చివరి రెండూ అంచున వేలాడుతుంటాయి. గాలి కొంచెం తగ్గగానే ఆ ఆవరణ కుంచించుకుపోతుంది కాబట్టి అంచున ఉన్నదే ముందుగా పడిపోతుంది. అందువల్ల గాలి తగ్గుతున్నదనిపించిన క్షణంలో ఆకారాన్ని దగ్గరకు లాగి, నడుముకు తీసుకొని, కొద్దిగా కిందికి దించాలి. నడిమి ఇద్దరూ బ్రేక్, అంటే కింది దారాలు, కొంచెం ఎక్కువ పట్టి ఆగాలి, చివరి ఇద్దరూ బ్రేక్ వదిలి ముందుకు రావాలి. గాలి పెరిగినప్పుడు దీనికి తిరగబడిన పని చేయాలి: నలుగురూ పైకి, అంచుకు పోతే లాగుడు తగ్గుతుంది.

వెనక్కు నడవడం గురించి కూడా చెప్పాలి. గాలి లేనప్పుడు మనం వేసే ప్రతి వెనక అడుగు పతంగికి గాలిని సంపాదించి పెడుతుంది, కానీ ఒక్కడే నాలుగడుగులు వెనక్కు పోతే అతని దారం అంత మేరకు పొట్టిదైనట్టే అవుతుంది, అతని పతంగి గీత నుంచి వెనక్కు జరిగి కనిపిస్తుంది. అందుకే మా జట్టులో అడుగులకు కూడా పిలుపు ఉంది. "వెనక్కు, మూడు" అని పిలిస్తే నలుగురం మూడడుగులే వేస్తాం.

పిలిచేవాడు ఒక్కడే ఉండాలి. చాలామంది అందరికంటే బాగా ఎగరేసే మనిషికి ఆ పని అప్పగిస్తారు, నాకు అది సరైనదిగా తోచదు. గాలి తగ్గడం ముందుగా తెలిసేది అంచున ఉన్నవారికే కనుక పిలిచే మనిషి ఒక చివర ఉండాలి. పిలుపు రెండు భాగాలుగా ఉండాలి: మొదట ఏం చేయబోతున్నామో పేరు చెప్పి, ఒక శ్వాస ఆగి, తర్వాత "ఇప్పుడు" అనాలి. మొదటి మాటకే కదిలే అలవాటు ఉన్న మనిషి ఒక్కడున్నా పతంగులు ఢీకొంటాయి. మీ మూడో, నాలుగో పతంగుల సంగతి ఇదే అయి ఉంటుందేమో గమనించండి.

దారాలు 120 అడుగులవేనని రాశారు, కానీ కొన్నప్పుడు 120 ఉండడం వేరు, ఇప్పుడు ఉండడం వేరు. ముడులు, చివర తొడిగిన గొట్టం దారం బిగుసుకునే కొద్దీ ఒక్కో దారం ఒక్కో తీరుగా సాగుతుంది. నేలలో ఒక గూటం దిగ్గొట్టి, పదహారు దారాలనూ దానికే తగిలించి, రెండో చివర నుంచి సమంగా లాగి చూడండి. ఒకే పిడి మీద పై దారం కంటే కింది దారం బెత్తెడు పొట్టిగా ఉన్నా ఆ పతంగి ఎప్పుడూ సగం బ్రేక్ మీదే ఎగురుతుంటుంది. నిలకడ గాలిలో చేతులు ఆ లోపాన్ని కప్పిపెడతాయి, గాలి ఊగిసలాడినప్పుడు అది బయటపడుతుంది.

ఇక ఏ పతంగి వాడాలన్న దానికి నా పద్ధతి ఇది: గాలి మందగించినప్పుడు కూడా నిలబడగల పతంగిని ఎంచుకోవాలి, ఎందుకంటే కింద పడిన పతంగే విరుగుతుంది. నలుగురూ ఒకే రకం వాడాలి, మార్చితే నలుగురూ ఒకేసారి మార్చాలి.

పరకాల_పొలంగట్టు

పతంగుల విషయంలో నేను కాజీపేట అన్నగారికంటే వెనుకబడినవాడిని, మూడేళ్ళ కిందటే మొదలుపెట్టాను. కానీ వ్యవసాయ కుటుంబంలో పుట్టడం వల్ల ఆకాశాన్ని చూడడం చిన్నప్పటి నుంచి అలవాటు, ఆ వైపు నుంచి రాస్తున్నాను.

జనవరి పొద్దున నేల చల్లగా ఉండి, దాని మీది గాలి పైగాలితో కలవకుండా పడుకొని ఉంటుంది. ఎండ నేలను వేడి చేసే కొద్దీ పైగాలి కిందికి కలుస్తుంది, మీరు చెప్పిన తొమ్మిది పది గంటల నిలకడ గాలి అదే. ఆ తర్వాత వేడి గాలి బుడగలుగా లేవడం మొదలవుతుంది. అలాంటి బుడగ మీ మైదానంలో లేస్తే చుట్టుపక్కల గాలి దానిలోకి పోతుంది కాబట్టి కొద్దిసేపు మీకు గాలే ఉండదు, లేదా దిక్కు మారుతుంది. అది దాటగానే విసురుగా వస్తుంది. దున్నిన నల్లరేగడి చేను, తారు రోడ్డు, రేకుల కప్పులు ఉన్న వైపు నుంచి గాలి వస్తుంటే ఈ ఊగిసలాట ఎక్కువ. పదకొండు నుంచి మూడున్నర దాకా నలుగురూ అడ్డంగా పరిచే ఆకారాలు మానుకొని, ఒకరి వెనుక ఒకరు పోయే ఆకారాలు మాత్రమే సాధన చేయడం మేలని నా అభిప్రాయం.

మైదానం పక్కన ఏముందో కూడా చూసుకోండి. 40 అడుగుల ఎత్తున్న భవనం గాలి వచ్చే వైపు ఉంటే, దాని వెనుక ఎత్తుకు పదింతలు, అంటే 400 అడుగుల దాకా గాలి సుడులు తిరుగుతూనే ఉంటుంది. హనుమకొండలో గుట్టలకు కొదవ లేదు, పద్మాక్షి గుట్ట లాంటి రాతి గుట్ట పక్కన దిక్కు కొద్దిగా మారినా ఎగరేసే చోటు పనికిరాకుండా పోతుంది.

అసలు భయపడవలసింది ఏప్రిల్, మే నెలల సాయంత్రాలకు. ఉరుముల మబ్బు నుంచి చల్లటి గాలి కిందికి పడి, నేల మీద నలువైపులా పరుచుకుంటూ వాన కంటే ముందే వస్తుంది. అంతదాకా వీస్తున్న గాలి ఒక్కసారిగా ఆగిపోయి, ఉక్కపోత పెరిగి, ఆకు కదలకుండా ఉంటే దాన్ని మామూలు మందగింపు అనుకొని వెనక్కు అడుగులు వేస్తూ నిలబడకండి. మబ్బు వైపు దుబ్బ లేస్తూ కనిపించేసరికి ఈదురుగాలి మీ మీదికి వచ్చేసినట్టే. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే లెక్క. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే మబ్బు దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది; చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా దారం ముట్టుకోకూడదు. తడిసిన దారంలో కరెంటు ప్రవహిస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ దగ్గరలోని పిడుగులను చూపిస్తుంది, ఎగరేయని ఐదో మనిషి ఒకరుంటే దాన్ని చూసే బాధ్యత వారికివ్వండి.

మానేరు_కరీంనగర్

పై ఇద్దరూ రాసిన వాటిలో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ మందగింపును చూసి పతంగిని ఎంచుకోవాలన్న కాజీపేట అన్నగారి మాటతో నాకు ఏకీభావం లేదు. గాలి వేగం రెండింతలైతే పతంగి లాగుడు నాలుగింతలవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలికి హాయిగా నిలిచిన నిండు గుడ్డ పతంగి 30 కిలోమీటర్ల విసురుకు మనిషిని ముందుకు గుంజగలదు, అప్పుడు ఆ మనిషి చేతిలో బ్రేక్ ఉండదు, పక్కవాడి దారాల మీద అదుపు అసలే ఉండదు. మందగింపుకు వెనక్కు నడిచి జవాబు చెప్పవచ్చు. విసురుకు ముందుకు నడిచి జవాబు చెప్పాలంటే మన ముందు చోటుండాలి, పైగా నలుగురూ ఒకే వేగంతో నడవాలి. కాబట్టి విసురును చూసి ఎంచుకోవాలి. వేపచెట్టును చూస్తూ లెక్క వేసుకోండి: ఆకులు, సన్నని రెమ్మలు ఎడతెగకుండా కదులుతుంటే 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి, దుబ్బ లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28. రెండో స్థితి పది నిమిషాల్లో మూడుసార్లు కనిపిస్తే మేము నలుగురం దించి జాలీ పతంగులకు మారతాం, మధ్యలో ఎంత మందగించినా సరే.

మానేరు డ్యామ్ దగ్గర నీటి మీదుగా వచ్చే గాలి నునుపుగా ఉంటుంది కాబట్టి నాకు ఇది తేలికగా కనిపిస్తున్నదేమో, మీ మైదానంలో చూసి నిర్ణయించుకోండి. ఒక చిన్న ఉపాయం కూడా చెబుతాను. మీ వెనుక, గాలి వచ్చే వైపు 100 అడుగుల దూరంలో ఒక కర్రకు రిబ్బన్ కట్టి, ఐదో మనిషిని దాని మీద కన్ను ఉంచమనండి. గంటకు 18 కిలోమీటర్ల గాలి సెకనుకు 5 మీటర్లు పోతుంది, అంటే రిబ్బన్ లేచాక విసురు మిమ్మల్ని తాకడానికి ఆరు సెకన్లు, అక్కడి నుంచి 120 అడుగుల దారం దాటి పతంగిని చేరడానికి మరో ఏడు సెకన్లు పడుతుంది. విసురు 36 కిలోమీటర్లదైతే ఈ సమయం సగమే. పైన గాలి వేగం ఎక్కువ కాబట్టి పతంగికి ఇంకొంత ముందే తగలవచ్చు, అయినా ఒక పిలుపుకు సరిపడే వ్యవధి దొరుకుతుంది.

దారం ఏ రకందన్న దాని గురించి ఎవరూ రాయలేదు. మనం వాడే డైనీమా అనే సింథటిక్ దారం చాలా నునుపు, అందుకే నాలుగు పతంగులు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి దారాలు మెలిపడినా పిడులు పనిచేస్తాయి. కానీ అది 150 డిగ్రీల లోపే కరుగుతుంది. వేరే రకం దారం దాని మీద ఒరుసుకుంటే ఆ రాపిడికే తెగిపోతుంది, మాంజా తగిలితే చెప్పనక్కరలేదు. అందువల్ల సంక్రాంతి మూడు రోజులూ ఊళ్ళో వీటిని ఎగరేయకపోవడమే మంచిది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో పతంగులకు వాడే నైలాన్, సింథటిక్ దారాలను దేశమంతటా నిషేధించింది. మన దారానికి గాజు పూత లేదు కాబట్టి ఆ ఉత్తర్వు మనకు వర్తించదని అనుకోవద్దు, అది కూడా సింథటిక్ దారమే. మైదానానికి అనుమతి అడిగేటప్పుడే ఏ దారం వాడబోతున్నామో రాతపూర్వకంగా చెప్పి జవాబు తీసుకోండి. పదహారు బిగుతు దారాలు మనిషి మెడ ఎత్తున ఉంటాయి. చుట్టూ తాడు కట్టి, పిల్లలు అటు రాకుండా చూడాలి.

హనుమకొండ_పతంగి

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఆదివారాలు ఆగి, చేసి చూసి రాస్తున్నాను.

గూటానికి కట్టి చూస్తే నాలుగో పతంగి ఎడమ పిడి కింది దారం మూడు వేళ్ళంత పొట్టిగా తేలింది. ఇన్నాళ్ళూ ఆ మిత్రుడు లోపం తనదేనని బాధపడ్డాడు. దారం సరిచేసిన రోజే అతని పతంగి అంచున నిలబడింది. ఇప్పుడు పిలుపు కూడా అతనిదే. రిబ్బన్ దగ్గర మా చెల్లెలు నిలబడి "వస్తున్నది" అని కేకేస్తున్నది, మేము వెంటనే పైకి, అంచుకు పోతున్నాం. పదకొండు తర్వాతి విసురుల్లో ఒక్కసారి కూడా ఢీకొనలేదు. తూర్పు గాలి ఉన్న రోజు భవనానికి దూరంగా మైదానం ఆ చివరకు మారాం. దారం సంగతి దరఖాస్తులోనే రాసి అనుమతి అడిగాం, జవాబు వచ్చాకే ఎగరేశాం.

మిగిలిన చిక్కు ఒక్కటే. 20 కిలోమీటర్ల దగ్గరి గాలిలో మధ్య జాలీ పతంగులే సరిగ్గా సరిపోతాయి, అవి మా దగ్గర రెండే ఉన్నాయి. ఇద్దరు వాటితో, ఇద్దరు నిండు గుడ్డతో ఎగరేయవచ్చా?

కాజీపేట_గాలివాటం

వద్దు. ఒకే విసురుకు రెండు రకాలూ రెండు వేగాలతో పోతాయి, పిలుపు ఎంత బాగున్నా ఆకారం నిలవదు. ఆ గాలిలో ఇద్దరిద్దరుగా ఎగరేయండి, మిగతా ఇద్దరు రిబ్బన్ చూడండి. విసురును చూసి ఎంచుకోవాలన్న కరీంనగర్ మిత్రుని మాట మీద నేను కూడా పోయిన ఆదివారం జాలీ పతంగులతో చూశాను; మందగింపులో మూడుసార్లు దిగాయి కానీ ఏదీ విరగలేదు, ఎవరి చేయీ గుంజుకుపోలేదు. జూన్ నుంచి ఆ పద్ధతే పాటిస్తాను. మా దగ్గర మధ్య జాలీవి మూడు ఉన్నాయి, వచ్చే ఆదివారం తెస్తాను. మా దారాలు 100 అడుగులవి కాబట్టి మీ 120 అడుగుల జతలు రెండు ఎక్కువ ఉంచండి.