‘ఫోల్డ్’ అంటే పిండిని మడవడమేనా? (మూడు ఊళ్ల వాళ్ల ముచ్చట)

కర్నూలు: స్పాంజి కేకు తయారీ తెలుగులో రాసేవాళ్లు ఇంగ్లిష్ ‘ఫోల్డ్’ను ‘మైదా వేసి నెమ్మదిగా మడవండి’ అంటున్నారు. మడిచేది తమలపాకును, చపాతీని. గిన్నెలో జారుగా ఉన్న గుడ్ల నురగను ఎట్ల మడుస్తారప్పా? దీనికి మన మాట ఏది?

అనంతపురం: ముందు అక్కడ జరిగే పనేందో చూడాలన్నా. అసలైన స్పాంజిలో వెన్న ఉండదు, బేకింగ్ పౌడరూ ఉండదు. 4 గుడ్లు, 120 గ్రాముల చక్కెర, 120 గ్రాముల మైదా, అంతే. గుడ్లలోకి ఎక్కించిన గాలే దాన్ని పొంగిస్తుంది. గుడ్లు, చక్కెర ఉన్న గిన్నెను వేడినీళ్ల మీద పెట్టి, గోరువెచ్చనయ్యేదాకా కలిపి, దించి, బీటరుతో 8-10 నిమిషాలు గిలక్కొట్టాలి. పసుపు తగ్గి పాలిపోతుంది. బీటరు ఎత్తితే జారిన ధార వెంటనే మునగకుండా పైన గీతలా కాసేపు నిలవాలి. ఆ నురగ చెదరకుండా మైదా కలపడమే మీరడిగే ‘ఫోల్డ్’.

కడప: ‘కలియబెట్టు’ సరిపోదా?

అనంతపురం: సరిపోదక్కా, అది గరిటె గుండ్రంగా తిప్పే పని. సంగటి కెలికినట్టు కెలికితే బుడగలు పగులుతాయి, మైదా జిగురు సాగుతుంది, కేకు రబ్బరే. అట్లని భయపడి సగంలో ఆపితే పిండి అడుగుకు దిగి గట్టి పొరై కూర్చుంటుంది.

కడప: అయితే చిత్రాన్నం కలిపే తీరు. మెతుకు విరగకుండా అడుగు నుంచి ఎత్తి వేస్తాం కదా. ‘ఎత్తి కలపడం’ అందాం. జల్లించిన మైదాను మూడు విడతలుగా చల్లి, పలచని గరిటెను నడుమ నిలువుగా దించి, అడుగు గీరుతూ అంచు వెంబడి పైకి తెచ్చి బోర్లించాలి. ప్రతిసారీ గిన్నెను కొంచెం తిప్పుకోవాలి. తెల్లపొడి కనబడకపోతే ఆపేయడమే.

కర్నూలు: బాగుంది. ‘తిరగేసి కలపడం’ అనుకున్నా గానీ, తిరగేయడమంటే దోసె గుర్తొస్తుంది. ఇంకోటి, కేకు ‘గుల్లగా వస్తుంది’ అని రాయొచ్చా?

అనంతపురం: వద్దు. గుల్లగా ఉండేది మురుకు, నోట్లో పటుక్కున విరుగుతుంది. ఇది వేలితో నొక్కితే దిగి మళ్లీ లేస్తుంది. 180 డిగ్రీల్లో 25 నిమిషాలయ్యాక ఆ పరీక్షతోనే ఉడికిందో లేదో చూస్తారు. తొందరపడి ముందే ఓవెన్ తలుపు తీస్తే నడుమ కుంగుతుంది.

కడప: వెన్న వేసే విక్టోరియా రకాన్నీ స్పాంజే అంటారు కదా?

అనంతపురం: అంటారు. అందులో వెన్న, చక్కెర కలిపి తెల్లబడేదాకా గిలక్కొడతారు, బేకింగ్ పౌడరూ పడుతుంది. అక్కడ ఎత్తి కలపడంలో చేయి కాస్త తప్పినా కేకు పొంగుతుంది.