ఆరు హాప్‌ల అవతలి నోడ్ల నుంచి సగం ప్యాకెట్లే చేరుతున్నాయి, లోపం ఎక్కడ?

ప్రశ్న:
ఎం.టెక్. ప్రాజెక్టు కోసం ఒక మామిడి తోటలో నేల తేమను కొలిచే నోడ్లను అమర్చాను. రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే 802.15.4 రకానివి, అంటే తక్కువ విద్యుత్తుతో కొద్ది దూరానికి పంపేవి. పంపుసెట్టు గదిలో ఉండి రీడింగులన్నీ పోగుచేసే గేట్‌వేకు దగ్గరి నోడ్ల రీడింగులు సక్రమంగానే వస్తున్నాయి గానీ, ఆరు హాప్‌ల (ఒక నోడ్ నుంచి పక్క నోడ్‌కు అందించే అంచెల) అవతల గట్టు పక్కనున్న వాటి నుంచి సగమే వస్తున్నాయి. రెండు నోడ్ల మధ్య లింకును విడిగా పరీక్షిస్తే, ప్యాకెట్లు చేరడం ఎక్కడా 90 శాతానికి తగ్గడం లేదు. గేట్‌వే నుంచి రసీదు రాకపోతే మూల నోడే (రీడింగు తీసినదే) మళ్లీ పంపేలా ప్రోగ్రాము మార్చాను. కొంత మెరుగైంది గానీ బ్యాటరీలు ఇట్టే అయిపోతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు 1:
మీ లింకులు బాగానే ఉన్నాయండి. 0.9ను ఆరుసార్లు హెచ్చిస్తే వచ్చేది 0.53, మీకు కనిపిస్తున్న సగం అదే. గేట్‌వే రసీదు కూడా అదే దారిన వెనక్కి రావాలి కాబట్టి, ప్యాకెట్టూ రసీదూ రెండూ క్షేమంగా చేరే అవకాశం 28 శాతమే. ఐదో హాప్‌లో పోయిన ప్యాకెట్టు కోసం మొదటి నాలుగు హాప్‌ల ప్రయాణం మళ్లీ చేయించడం వల్లనే బ్యాటరీలు ఖర్చవుతున్నాయి. రసీదును ప్రతి హాప్‌లోనూ తీసుకుని, అది రాకపోతే ఆ నోడే మరో మూడుసార్లు ప్రయత్నించేలా చేయండి. అప్పుడు ఒక హాప్‌లో ప్యాకెట్టు పోయే అవకాశం పదివేలలో ఒకటి. అయితే రేడియో నష్టాలు తరచు గుంపులుగా వస్తాయి గనుక, వెంటవెంటనే కాకుండా కాస్త విరామమిచ్చి పంపడం మేలు.

జవాబు 2:
పై సలహా సరైనదే, కానీ ఆ రసీదును ఎవరు ఇస్తున్నారో చూసుకోండి. సీసీ2420 వంటి రేడియో చిప్‌లలో ఆటోమేటిక్ రసీదును పెడితే, ఫ్రేములో (గాలిలో అందిన ప్యాకెట్టులో) తప్పు లేకపోతే చాలు, రేడియోయే దాన్ని పంపేస్తుంది. ప్రాసెసర్ చదివిందా, ముందుకు పంపాల్సిన ప్యాకెట్లు ఆగే క్యూలో చోటుందా అన్నది దానికి పట్టదు. రిజిస్టర్డు ఉత్తరానికి గేటు దగ్గరి వాచ్‌మన్ సంతకం పెట్టి, లోపల ఇవ్వడం మరచిపోయినట్టన్నమాట. పంపిన నోడ్ చేరిందనుకుని ప్యాకెట్టును చెరిపేస్తుంది, అందుకున్న నోడ్ క్యూ నిండి పారేస్తుంది. కాబట్టి క్యూలో చేరాకే సాఫ్ట్‌వేర్ రసీదు పంపాలి. రసీదు పోయినప్పుడు అదే ప్యాకెట్టు రెండోసారి వస్తుంది గనుక, మూల నోడ్ చిరునామానూ క్రమసంఖ్యనూ పోల్చి నకలును వదిలేయాలి.

దారిని కూడా హాప్‌ల సంఖ్యతో ఎంచకండి. 40 శాతం లింకు ఒక్కదానిపై సగటున 2.5 సార్లు పంపాల్సి వస్తే, 90 శాతం లింకులు రెండింటికీ కలిపి 2.2 సార్లు సరిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. మీరన్నట్టే గేట్‌వేకు ఆనుకుని ఉన్న నోడ్‌లోనే క్యూ నిండుతోంది. నోడ్లన్నీ సరిగ్గా గంట కొట్టగానే రీడింగు పంపేలా రాసింది నేనే!

జవాబు 2:
అయితే ఒక్కో నోడ్‌కు కొన్ని సెకన్ల తేడా ఇచ్చి చూడండి. పంపుసెట్టు గదిలో వైఫై రౌటరు ఉంటే, అది వాడుతున్న ఛానెల్ చూసుకుని, నోడ్లను 26వ ఛానెల్‌కు మార్చండి. 1, 6, 11 వైఫై ఛానెళ్ల తాకిడి దానికి దాదాపు ఉండదు.