బండి ఆయిల్ మనమే మార్చుకోవాలా, మెకానిక్‌కే వదిలేయాలా?

రోజూ70కిలోమీటర్లు:
మొన్న సర్వీసింగ్ చేయించి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున ఎందుకో బుద్ధి పుట్టి, సెంటర్ స్టాండ్ వేసి గేజి స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి గోరంత పైకి ఉంది. షెడ్డుకు ఫోన్ చేస్తే "సరిగ్గానే పోశాం సార్" అన్నారు. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పితే అడుగున కాస్త నూనె తడి కూడా కనిపించింది. ఇకనుంచి నేనే మార్చుకుందామని ఉంది. మా బావ మాత్రం "వాళ్ల పని వాళ్లను చేయనీ, బోల్టు పాడుచేసుకుని బండి తోసుకుంటూ వెళ్తావు" అంటున్నాడు. 150 సీసీ, ఎయిర్ కూల్డ్. సొంతంగా చేసుకున్నవాళ్లూ, చేసి చేతులు కాల్చుకున్నవాళ్లూ చెప్పండి.

నల్లచేతులు:
నిశ్చింతగా చేసుకోండి. కింద ఒక బోల్టు, పైన ఒక మూత, మధ్యలో ఓపిక. అంతకంటే ఏమీ లేదు. ఆయిల్ ఎక్కువైతే ఊరుకోవద్దు. క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, పంపు ఆయిల్‌తో పాటు గాలినీ తోస్తుంది, మిగిలింది బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్స్‌లోకి పోతుంది. మీరు చూసిన తడి అదే.

కారణం కూడా చెప్తా. బండితో ఇచ్చే మాన్యువల్లో ఆయిల్ కొలత ఒక్కటే ఉండదు. ఆయిల్ ఒక్కటే మారిస్తే ఇంత, ఫిల్టర్ కూడా మారిస్తే ఇంత, ఇంజిన్ మొత్తం విప్పితే ఇంత అని విడివిడిగా ఇస్తారు. షెడ్డులో అది తెరిచి చూసే తీరిక ఎవరికుంది? బండికి 900 మి.లీ. చాలు, సీసా లీటరుది. మిగిలిన 100 ఎవరు దాస్తారు? పోసేస్తారు!

పాతపానా:
నేను షెడ్డు నడిపేవాణ్ణే. సీసా మొత్తం బోర్లించేవాళ్లు లేరని అనను. కానీ సొంతంగా మార్చుకుని, ఆ తర్వాత నా దగ్గరికి తోసుకొచ్చే బళ్ల సంగతీ వినండి. డ్రెయిన్ బోల్టు స్టీలు, అది దిగే కేసింగ్ అల్యూమినియం. ఆ రెండిటికీ పోటీ పెడితే ఓడిపోయేది ఎప్పుడూ కేసింగే. చాలా చిన్న బళ్లకు ఆ బోల్టు బిగువు 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది. అంటే జానెడు స్పానర్ చివర పది, పదిహేను కిలోల బరువు వేలాడదీసినంత. కొత్తగా చేసేవాడికి అది చాలదేమో అనిపిస్తుంది. "కారుతుందేమో" అని ఇంకో పావు చుట్టు తిప్పుతాడు. అప్పుడు చేతికి ఒక మెత్తదనం తెలుస్తుంది, బిగుస్తున్న బోల్టు ఉన్నట్టుండి తేలిగ్గా తిరుగుతుంది. మర పోయింది! ఇక హెలికాయిల్, అంటే పోయిన మర స్థానంలో కూర్చోబెట్టే స్టీలు తీగ చుట్ట, వేయించుకోవాల్సిందే.

ఇంకో మాట. ఆయిల్ కారేలోపు నేను ఖాళీగా కూర్చోను. చైన్ ఎంత వదులైంది, బ్రేక్ ప్యాడ్ ఎంత మిగిలింది, ఫోర్క్ సీల్ దగ్గర తడి ఉందా, హ్యాండిల్ బేరింగ్ ఆడుతోందా అన్నీ చూస్తాను. మీరు నాకిచ్చేది దానికి.

నల్లచేతులు:
అన్నా, మీరంటే చూస్తారు. అందరూ మీలా ఉంటే ఈ చర్చే ఉండదు. మర సంగతికొస్తే, నాలుగుసార్లు గాలి గన్నుతో బిగించింది షెడ్డు, ఐదోసారి విప్పినవాడు బండి ఓనరు. మర ఊడితే దొంగ ఎవరు? చివరిసారి చెయ్యి పెట్టినవాడు!

పాతపానా:
అది నిజమే. ఆయిల్ బోల్టుకు గన్ను వాడేవాడి చెయ్యి విరగ్గొట్టాలి.

క్లచ్‌వైరు:
నేను చేతులు కాల్చుకున్న బాపతు. బోల్టు, వాషర్, బిగువు అన్నీ సరిగ్గానే చేశాను. తప్పంతా కొట్లోనే జరిగిపోయింది. మాన్యువల్లో ఆయిల్ చిక్కదనం నంబరు 10డబ్ల్యు-30 అని ఉంటే అదే నంబరున్న కారు ఆయిల్ తెచ్చి పోశాను. రెండు రోజులకు టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతోంది, బండి వేగం పెరగట్లేదు. క్లచ్ జారుతోంది.

తర్వాత అర్థమైంది. కారులో క్లచ్ ఆయిల్‌కు దూరంగా పొడిగా ఉంటుంది. గేర్ల బళ్లలో చాలావాటికి ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కొన్ని కారు ఆయిళ్లలో కలిపే జారుడు మందులు మన క్లచ్ ప్లేట్లకు పడవు. అందుకే జపాన్ వాళ్లు 1998లో జాసో అని విడిగా ప్రమాణం పెట్టారు. సీసా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది చాలా స్కూటర్లకు సరిపోయేది, గేర్ల బండికి వద్దు. రెండుసార్లు ఆయిల్ మారిస్తే గానీ నా క్లచ్ దారికి రాలేదు. ఇప్పుడు ఆయిల్ నేనే కొని తీసుకెళ్తా, షెడ్డులో ఎదురుగా నిలబడి పోయిస్తా.

నీళ్లబావి:
ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు గనుక అడుగుతున్నా. తీసిన ఆయిల్ ఏం చేస్తారు? కాలువలో పోస్తారా? ఒక గాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఇంకోటి, వాడిన ఆయిల్ చర్మానికి పదేపదే అంటితే క్యాన్సర్ ముప్పు ఉంది. నల్లచేతులు గారూ, మీ పేరు చూస్తేనే నాకు టెన్షన్‌గా ఉంది.

నల్లచేతులు:
గ్లవ్స్ వేసుకుంటానండీ, పేరు పాతది. ఆయిల్ మాత్రం మూతున్న డబ్బాలో పోసి, సేకరించేవాళ్లకు ఇస్తా.

పాతపానా:
మాలాంటి వాళ్ల డ్రమ్ముకే తెచ్చివ్వండి. దాంట్లో నీళ్లు, పెట్రోలు, కూలెంట్ కలపకండి. కలిపితే దాన్ని మళ్లీ శుద్ధి చేయడం కష్టమవుతుంది.

ఆదివారంనిద్ర:
నా ఓటు షెడ్డుకే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! వారంటీలో ఉన్న బండైతే అసలే ముట్టుకోను, బిల్లు లేకపోతే రేపు క్లెయిమ్ దగ్గర ఎవరితో వాదిస్తాం?

రోజూ70కిలోమీటర్లు:
అందరికీ థాంక్స్. చేసేశా. ఇంజిన్ అయిదు నిమిషాలు తిప్పి ఆపాను. బోల్టు ఆఖరి చుట్టు విప్పగానే గోరువెచ్చటి నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకింది. పాతపానా గారూ, ఇది వినండి. బోల్టుకు ఒక వాషర్ ఉంది, కేసింగ్‌కు అతుక్కుని ఇంకోటి. పాతది తీయకుండానే దానిమీద కొత్తది వేసేశారు! గోటితో గీకితే రాలేదు, ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా లేపాను. కొత్త వాషర్ వేసి, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించాను. బావ టార్చ్ పట్టుకున్నాడు, సలహాలు కూడా ఇచ్చాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మాన్యువల్లో ఉన్నట్టు 900 మి.లీ. కొలిచి పోశాను. ఇంజిన్ నిమిషం నడిపి, ఆపి, కాసేపాగి చూస్తే మళ్లీ పై గీత దాటే చూపిస్తోంది. ఇదెలా?

పాతపానా:
గేజి స్టిక్ మర బిగించి తీసి చూశారా, ఊరికే ఆనించి చూశారా?

రోజూ70కిలోమీటర్లు:
బిగించే. ఎప్పుడూ అంతే.

పాతపానా:
మాన్యువల్లో ఆ పేజీ తీయండి. చాలా బళ్లకు తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగిస్తే స్టిక్ లోపలికి దిగి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

రోజూ70కిలోమీటర్లు:
అలాగే రాసుంది. ఇప్పుడు ఆనించి చూశా. పై గీతకు కాస్త కింద ఉంది.

నల్లచేతులు:
మరి ఎయిర్ బాక్స్‌లో తడి?

పాతపానా:
అంత తడి చాలా బళ్లలో మామూలే. బ్రీదర్ ఆవిరి.

రోజూ70కిలోమీటర్లు:
అంటే మొన్న షెడ్డువాళ్లు సరిగ్గానే పోసి ఉండొచ్చు. ఫోన్లో గట్టిగానే అరిచాను. శనివారం చైన్ బిగించడానికి, పాత ఆయిల్ డబ్బా ఇవ్వడానికి అక్కడికే వెళ్తున్నా. ఆ రెండో వాషర్ కూడా జేబులో పెట్టుకెళ్తా.