అక్వైర్‌లో షేర్లు అందరికీ కనబడేలా పెట్టాలా, దాచుకోవాలా?

గళ్ళబల్ల:
మా గుంపులో ఆట కంటే ముందు వాదన మొదలవుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఆట అక్వైర్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: 1964లో వచ్చిన సిడ్ శాక్సన్ ఆట. 108 గళ్ళ బోర్డు, చేతిలో ఆరేసి టైల్స్. రెండు టైల్స్ పక్కపక్కన పడితే హోటల్ చైన్ పుడుతుంది. రెండు చైన్లు కలిస్తే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. చైన్లు ఏడు, ఒక్కోదానికి 25 షేర్లు, టర్న్‌కి మూడు దాకా కొనొచ్చు. చైన్ మునిగినప్పుడు అందులో షేర్ల లెక్కన మొదటి, రెండో స్థానాల్లో ఉన్నవాళ్లకే బోనస్.

నా వాదన: షేర్లు తెరిచే పెట్టాలి. కొనేది అందరి ముందే, అమ్మేది అందరి ముందే. ఆ తర్వాత బోర్లా పెట్టేసి "నా దగ్గర ఎన్నున్నాయో గుర్తుందా?" అంటే అది వ్యూహం ఎలా అవుతుందండీ? జ్ఞాపకశక్తి పరీక్ష అవుతుంది.

తొందరమనిషి:
దాచాల్సిందే. తెరిచి పెట్టిన రోజు ప్రతివాడూ లెక్కల మాస్టారు అయిపోతాడు. "ఆగండి, ఆయనకి నాలుగు, ఈవిడకి మూడు..." అంటూ ఒక్కో టర్న్ సాగదీస్తారు. పైగా ముందున్నవాడు ఎవరో తెలిసిపోతే మిగతా ముగ్గురూ కలిసి వాడి మీద పడతారు. పేకాటలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోమా? దాన్ని ఎవరైనా మెమరీ టెస్ట్ అంటారా?

నల్లపెన్సిల్:
ఒక్క డౌట్. నేను ఎవరెన్ని కొన్నారో పక్కన కాగితం మీద రాసుకుంటే మీకు అభ్యంతరమా?

తొందరమనిషి:
రాయకూడదు. మా దగ్గర అది రూల్.

నల్లపెన్సిల్:
మరి గళ్ళబల్ల గారు అన్నదీ అదే కదా!

ఆరుటైల్స్:
పేకాట పోలిక నప్పదండీ. అక్కడ పడిన ముక్కలు గుర్తున్నా ఎదుటివాడి చేతిలో ఏముందో నిజంగా తెలియదు. ఇక్కడ షేర్లన్నీ మన కళ్ళ ముందే చేతులు మారాయి.

ఒక ఉదాహరణ. నలుగురు ఆడుతున్నారు. మధ్యరకం ధర ఉన్న చైన్ ఒకటి ఐదు టైల్స్‌కి పెరిగింది, షేరు 600. అది మునిగితే మొదటి స్థానానికి 6000, రెండో స్థానానికి 3000. బ్యాంకులో ఆ చైన్ షేర్లు 12 మిగిలాయి, అంటే 13 బయట ఉన్నాయి. నా దగ్గర 5. మిగతా 8 ఎలా పంచుకున్నారు? ఇద్దరి దగ్గర 4-4 అయితే మొదటి స్థానం నాదే. 6-2 అయితే నేను రెండోవాణ్ణి. దాచుకుని ఆడితే ఇక్కడ ఊహించుకోవాలి.

6-2 అనుకుందాం. నేను ఒక్క షేరు కొంటే ఇద్దరం సమానం, 6000, 3000 కలిపి చెరిసగం, తలా 4500. రెండు కొంటే నాకు 6000, అతనికి 3000. అంటే ఒక్కో 600 షేరు నాకు 1500 తెస్తోంది, అతని నుంచి 1500 తీసేస్తోంది. విలీనం అయ్యాక ఆ షేర్లు అదే 600కి బ్యాంకుకి అమ్ముకోవచ్చు కూడా. ఇంత లాభం "నీ దగ్గర ఐదా, ఆరా?" అన్న మతిమరుపు మీద తేలిపోవడం నాకు నచ్చదు.

అసలు రహస్యం నా చేతిలోని టైల్. ఆ చైన్‌ని ఇంకో పెద్ద చైన్‌తో కలిపే టైల్ నా దగ్గర ఉందో లేదో ఎవరికీ తెలియదు. టర్న్‌లో ముందు టైల్ పెట్టాలి, తర్వాతే కొనాలి. కాబట్టి కలపబోయే చైన్‌లో షేర్లు ఒక టర్న్ ముందే కొనిపెట్టుకోవాలి. ఎదుగూబొదుగూ లేని ఆ చైన్‌లో నేను రెండు కొన్నానంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ అనుమానం రావాలి. టైల్ నిజంగా ఉందా, భయపెడుతున్నానా? షేర్లు తెరిచి ఉంటేనే ఈ బెదిరింపు పండుతుంది. లేకపోతే సగంమందికి నేనేం చేశానో కూడా అర్థం కాదు.

తొందరమనిషి:
తెరిచి ఉంటే అవతలివాడు తన టర్న్‌లో వెంటనే ఇంకో రెండు కొని తప్పించుకుంటాడు. మీ ఎత్తు అక్కడే పోయింది.

ఆరుటైల్స్:
కొననివ్వండి. ఆ డబ్బు అతను వేరేచోట పెట్టేది కదా. మొదట్లో అందరికీ ఉండేది 6000, ఒక్క బోనస్ కూడా రాకపోతే నాలుగైదు టర్న్‌లలో ఖాళీ. నా దగ్గర ఆ టైల్ లేకపోయినా అతని చేత ఖర్చు పెట్టించాను!

రైలుబండి:
షేర్లు కనబడితే టెన్షన్ పోతుందనేవాళ్లు ఒకసారి 1830 అనే రైలు కంపెనీల ఆట ఆడి చూడండి. 1986లో వచ్చింది, ఫ్రాన్సిస్ ట్రెషమ్ చేసిన ఆట. అందులో ఎక్కువ షేర్లున్నవాళ్లే కంపెనీ ప్రెసిడెంట్, కాబట్టి దాచే ప్రశ్నే లేదు. రైళ్ళు పాతబడబోతున్నాయని పసిగట్టి షేర్లు అమ్మేసి, ఆ కంపెనీని పక్కవాడి నెత్తిన పెట్టి జారుకుంటారు. కొత్త రైలుకి కంపెనీ దగ్గర సరిపడా లేకపోతే ఆ పక్కవాడు సొంత జేబులోంచి కట్టాలి. అంతా చూస్తుండగానే జరుగుతుంది, అయినా గుండె దడ తగ్గదు.

రహస్యమే కావాలంటే 2015 నాటి స్టాక్‌పైల్ అనే ఆట ఉంది. ప్రతి రౌండ్‌లో ఒక కంపెనీ ధర ఎటు కదులుతుందో మీకు మాత్రమే తెలుస్తుంది. అది ఆట పెట్టిన రహస్యం. బోర్లా పెట్టిన షేర్లది ఉత్తుత్తి రహస్యం.

నల్లపెన్సిల్:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. నోట్లు కూడా పరచాలా?

ఆరుటైల్స్:
నోట్లు దాచినా నాకు పర్లేదు. బోనస్‌కి లెక్క షేర్లదే.

గళ్ళబల్ల:
నేను ఒప్పుకోను. చేతిలో డబ్బు లేనివాడు పోటీకి రాలేడన్న సంగతే చాలా ఎత్తులకి ఆధారం. మీ ఉదాహరణలో ఆయన దగ్గర 500 మాత్రమే ఉందని తెలిస్తే ఒక్క షేరు కూడా కొనలేడు, మీరు ధైర్యంగా రెండు కొనేసి కూర్చోవచ్చు.

తొందరమనిషి:
సరే, షేర్లు తెరిచే ఆడదాం. కానీ టర్న్ నిమిషం దాటితే ఆ టర్న్‌లో కొనే హక్కు పోవాలి. ఒప్పుకుంటారా?

గళ్ళబల్ల:
విలీనం జరిగిన టర్న్‌ని లెక్కలోంచి తీసేస్తే ఒప్పుకుంటా. ఒక్క టైల్‌తో మూడు చైన్లు కలిసిపోతే బోనస్‌లు పంచి, మునిగిన షేర్లు ఎవరు అమ్ముతారో, ఎవరు రెండుకి ఒకటి చొప్పున పెద్ద చైన్ షేర్లుగా మార్చుకుంటారో, ఎవరు ఉంచుకుంటారో తేలడానికే ఐదు నిమిషాలు పడుతుంది.