అప్‌డేట్: బెర్ముడా లాన్‌లో తుంగ పోయింది

ఎంత పీకినా తుంగ మళ్లీ మొలుస్తోంది, మధ్యలో పసుపు మచ్చలు కూడా వస్తున్నాయని ఫిబ్రవరిలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 డబ్ల్యూజీ (నీళ్లలో కలిపే గుళికల రూపంలోని కలుపు మందు, మందు 75 శాతం). ఎకరాకు 36 గ్రాములు, అంటే 100 చదరపు మీటర్లకు 0.9 గ్రాము, 5 లీటర్ల నీళ్లలో. నగలు తూచే కాటా కావాల్సిందే, చెంచా కొలత నమ్మొద్దు. కొట్టడానికి ముందు, తర్వాత రెండేసి రోజులు గడ్డి కోయకూడదు. ఆకు ఉంటేనే మందు దుంపకు దిగుతుంది. వారం దాకా ఏ మార్పూ కనిపించలేదు, మూడో వారానికి ఎండింది. ఎనిమిదో వారంలో కొత్తగా మొలిచిన చోట్ల మాత్రం మళ్లీ కొట్టాను.

పీకడమే అసలు తప్పు. తుంగ దుంపలు మట్టిలో గొలుసులా కలిసి ఉంటాయి, ఆ గొలుసు తెగితే నిద్రలో ఉన్న దుంపలు కూడా మొలకెత్తుతాయి. ముందు కొట్టిన 2,4-డి అనే కలుపు మందు ఆకును మాడ్చిందంతే.

పసుపు మచ్చలకు వేరుపురుగు కారణమన్న అనుమానం వట్టిదే, నాలుగంగుళాలు తవ్వినా ఒక్కటీ దొరకలేదు. రోజూ పెట్టే నీళ్లు మూడు రోజులకోసారికి తగ్గించాక మచ్చలు మళ్లీ ఆకుపచ్చగా మారాయి.